చెట్టు పేరు చెప్పి అమ్మే కాయలు

షుగరుకి ఇన్సులిన్ అక్కర్లేదు, థైరాయిడ్‌కి మాత్ర అక్కర్లేదు, పీసీఓడీకి నెలల తరబడి హార్మోన్లు మింగక్కర్లేదు. మూలకణాలు ఎక్కిస్తే చాలు, చెడిపోయిన గ్రంథి దానంతటదే బాగుపడుతుంది. ఈ మాట ఒకప్పుడు క్లినిక్‌ల కరపత్రాల్లో ఉండేది. ఇప్పుడు పెళ్ళి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పొద్దున్నే నడిచేవాళ్ళ కబుర్లలో వినిపిస్తోంది. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటున్నారు. ఈ మాట తప్పు. నాలుగు నిజాలను తెచ్చి ఒక అబద్ధానికి కాపలా పెట్టారు గనుక, తప్పని తేలిగ్గా కనిపించదు.

ముందు ఆ వాదనను దాని బలంతోనే చెబుతాను. హార్మోన్ జబ్బులకు ఇప్పుడున్న వైద్యం చాలావరకు లోటు పూడ్చేదే గాని జబ్బు వేరును తాకేది కాదు. ఇన్సులిన్ ఊరకపోతే బయటినుంచి ఇస్తాం, థైరాక్సిన్ చాలకపోతే మాత్రగా ఇస్తాం. మానేస్తే జబ్బు ఎక్కడున్నది అక్కడే. మూలకణం అంటే ఇంకో రకం కణంగా మారగలిగిన కణం. దాన్ని ప్యాంక్రియాస్ కణంగానో థైరాయిడ్ కణంగానో మార్చగలిగితే లోటు శాశ్వతంగా పూడుతుంది కదా? అమెరికాలో, చైనాలో ఇన్సులిన్ మానేసినవాళ్ళున్నారు, పేరున్న పత్రికల్లో అచ్చయింది. పైగా మన ఒంట్లోంచి తీసిన కణాలే కాబట్టి పడకపోవడమన్నది ఉండదు. డాక్టర్లు ఈ సంగతి చెప్పరు, చెబితే మందుల కంపెనీల వ్యాపారం పడిపోతుంది. నాలుగు డబ్బులున్నవాళ్ళు ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేముంది?

ఇందులో మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఆ ఆశ ఎక్కడినుంచి పుడుతుందో కూడా తెలుసు. మా అక్క కూతురికి ఆరేళ్ళప్పుడు టైప్ 1 షుగరు వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. పొడిచిన చోటే పొడవడంతో పొట్ట మీద రెండు వైపులా ఒళ్ళు గడ్డకట్టినట్టు గట్టిపడింది. వేలి కొసలు చూస్తే ముగ్గు గిన్నెలో ముంచి తీసినట్టు సన్నసన్నని చుక్కలు. నిరుడు దసరా సెలవులకు వెళ్తే మా బావ ఒక ఫైలు చేతికిచ్చాడు. హైదరాబాద్‌లోని ఒక క్లినిక్ వాళ్ళిచ్చిన ఫైలు. మూడు విడతల చికిత్స, నాలుగు లక్షలు, సగం ముందే కట్టాలి. వెనక అమెరికా, చైనా వార్తల కాగితాలు రంగుల్లో అచ్చువేసి పిన్ను కొట్టారు. "నువ్వు ఇలాంటివి చదువుతుంటావుగా, చదివి చెప్పవోయ్" అన్నాడు. చదివాను.

1. పేరు ఒకటే, సరుకు వేరు

ఫైల్లో మొదటి కాగితం అమెరికా ప్రయోగం గురించి. అది అబద్ధం కాదు. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ అనే శాస్త్రవేత్త కప్ప పిండాలు ఎలా ఎదుగుతాయో చూసుకుంటూ ఉండేవాడు. 1991లో ఆరు నెలల కొడుక్కి టైప్ 1 షుగరని తేలింది. కప్పలను వదిలేసి, ఇన్సులిన్ చేసే బీటా కణాల వెంట పడ్డాడు. కొన్నేళ్ళకు కూతురికీ అదే జబ్బు వచ్చింది. పిండ మూలకణాల నుంచి బీటా కణాలను మనిషికి సరిపడా ఎత్తున తయారు చేయగలిగామని ఆయన బృందం ప్రకటించింది 2014లో. అంటే ఇరవై ఏళ్ళు దాటాక. ఇద్దరు పిల్లల పేర్లు కలిపి ఆయన పెట్టిన సెమా అనే కంపెనీని 2019లో వెర్టెక్స్ అనే మందుల కంపెనీ 95 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ కణాలనే ఇప్పుడు జిమిస్లెసెల్ అంటున్నారు. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. పూర్తి మోతాదు ఎక్కించుకుని ఏడాది గడిచిన 12 మందిలో 10 మందికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది.

గొప్ప ఫలితం. చదివిన రోజు నాకూ గుండె వేగం పెరిగింది. ఫైలు అక్కడితో ఆగింది గాని వ్యాసం అక్కడితో ఆగలేదు. ఆ కణాలు రోగి సొంతవి కావు, పిండ మూలకణాల నుంచి వచ్చినవి. ప్రయోగశాలలో ఒక్కో దశలో ఒక్కో రసాయన సంకేతం అందిస్తూ వాటిని ఇన్సులిన్ చేసే కణాల గుంపులుగా పెంచుతారు. పూర్తి మోతాదు అంటే 80 కోట్ల కణాలు. వాటిని చేతి నరంలోకి కాదు, కాలేయానికి రక్తం తీసుకెళ్ళే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తారు. ఎక్కించాక ఒళ్ళు వాటిని తిప్పికొట్టకుండా, అవి పనిచేయాల్సినంత కాలం, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. ఆ ప్రయోగంలో ఇద్దరు చనిపోయారు. ఒకరు క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌తో, ఇంకొకరు అంతకుముందే ఉన్న మెదడు క్షీణత ముదిరి. మొదటి రకం జబ్బు నిరోధక శక్తి అణగిన ఒంట్లోకే ఎక్కువగా చొరబడుతుంది. అందుకే ప్రయోగంలోకి దొరికినవాళ్ళనందరినీ తీసుకోలేదు. షుగరు ఒక్కసారిగా పడిపోతున్నా తెలియక, స్పృహ తప్పి పడిపోయేవాళ్ళను ఎంచుకున్నారు. ఇన్సులిన్‌తోనే ప్రాణాపాయం ఉన్నవాళ్ళకు ఆ మందుల బెడద ఒప్పుకోదగ్గ బేరం. మా మేనకోడలికి కాదు.

ఏడాది ఫలితాన్ని జీవితకాలానికి సాగదీయడం ఇంకో తప్పు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం, చనిపోయిన దాతల ప్యాంక్రియాస్ నుంచి తీసిన కణాలను ఏడుగురికి ఎక్కించింది. ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. ప్రపంచం పండగ చేసుకుంది. ఆ పద్ధతిలో చికిత్స పొందినవాళ్ళను ఐదేళ్ళ తర్వాత లెక్కపెడితే ఇన్సులిన్ లేకుండా మిగిలింది పదిమందిలో ఒకరు. పద్ధతి పనికిరానిదని కాదు, చాలామందికి షుగరు పడిపోయే గండం తగ్గింది. మొదటి ఏడాది ఫొటో చూసి 'శాశ్వత పరిష్కారం' అని రాసేవాడు మాత్రం ఈ కథ తెలియనివాడైనా కావాలి, తెలిసి దాచినవాడైనా కావాలి.

రెండో కాగితం చైనాది. తియాంజిన్‌లో పాతికేళ్ళ యువతి. ఆమె కొవ్వు నుంచే కణాలు తీసి, ఇన్సులిన్ కణాలుగా మార్చి, పొట్ట కండరాల పొర కింద పెట్టారు. 75 రోజులకు ఇన్సులిన్ ఆగిపోయింది. 2024 సెప్టెంబరులో సెల్ పత్రికలో వచ్చింది. ఫైల్లో 'కొవ్వు నుంచే' అన్న మాట కింద ఎర్ర గీత గీశారు, ఎందుకంటే క్లినిక్ వాళ్ళూ తీసేది కొవ్వే. గీత గీయని సంగతి, ఆ యువతికి అంతకుముందే కాలేయ మార్పిడి జరిగి నిరోధక శక్తిని అణిచే మందులు వాడుతోంది. కాబట్టి సొంత కణాలను ఆమె ఒళ్ళు మళ్ళీ ధ్వంసం చేస్తుందో లేదో ఆ ఒక్క కేసుతో తేలదు. అదే ఏడాది షాంఘై నుంచి వచ్చిన 59 ఏళ్ళ టైప్ 2 రోగి కథలోనూ ఇదే మెలిక, ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగింది.

ఇక క్లినిక్ ప్యాకేజీలో ఉన్నదేమిటి? పొట్ట దగ్గర కొవ్వు లాగి, యంత్రంలో తిప్పి, వేరుపడ్డ కణాల ముద్దను సెలైన్‌లో కలిపి చేతి నరానికి డ్రిప్ పెట్టడం. పొద్దున వెళ్తే సాయంత్రం ఇంటికి. తియాంజిన్‌లో ఆ కొవ్వు కణాలను వెనక్కి నడిపించి, ఏ కణంగానైనా మారగల తొలి స్థితికి తెచ్చి, అక్కడినుంచి మళ్ళీ ముందుకు నడిపి ఇన్సులిన్ కణాలుగా చేశారు. ఇక్కడ వెనక్కి నడిపిందీ లేదు, ముందుకు నడిపిందీ లేదు. మినుములు నానబోసి, రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తే ఇడ్లీ. మినుములు తెచ్చి కంచంలో పోసి ఇడ్లీ డబ్బులు అడిగితే హోటలువాణ్ణి ఊరుకుంటామా?

కొవ్వు నుంచి, ఎముక మజ్జ నుంచి తీసే ఆ కణాలకు మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని 1991లో పేరు పెట్టినవాడు ఆర్నాల్డ్ కాప్లన్. 2017లో ఆయనే ఈ పేరు మార్చాలని వ్యాసం రాశాడు. ఇవి ఒంట్లోకి వెళ్ళి కొత్త అవయవ కణాలుగా మారవు, చుట్టూ ఉన్న కణాలకు సంకేతాలు పంపుతాయంతే, 'స్టెమ్' అన్న మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని ఆయన బాధ. పైగా నరంలోకి ఎక్కిస్తే వీటిలో అధికభాగం ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోనే చిక్కుకుని కొద్ది రోజుల్లో నశిస్తాయని జంతువుల మీద చేసిన పరీక్షలు చూపించాయి. ప్యాంక్రియాస్‌కి టికెట్ కొని ఊపిరితిత్తుల్లో దిగిపోయే ప్రయాణం.

2. గ్రంథి కాలిపోయిన మోటారు కాదు

ఫైల్లో నన్ను కాసేపు నవ్వించింది ఒక పట్టిక. 'ఈ సమస్యలకు చికిత్స లభించును' అని ఒకదాని కింద ఒకటి: టైప్ 1 షుగరు, టైప్ 2 షుగరు, హైపోథైరాయిడ్, హైపర్ థైరాయిడ్, పీసీఓడీ, నెలసరి ముందే ఆగిపోవడం, పిట్యూటరీ లోపం, మగవాళ్ళలో హార్మోన్ తగ్గడం. మూడో వరుస, నాలుగో వరుస మళ్ళీ చదవండి. ఒకటి థైరాయిడ్ హార్మోన్ తక్కువై వచ్చేది, రెండోది ఎక్కువై వచ్చేది. రెంటికీ ఒకే సీసా. ఆకలితో ఉన్నవాడికీ అజీర్తి చేసినవాడికీ ఒకే కషాయం పోసే వైద్యుణ్ణి మన పాత కథల్లో కూడా వైద్యుడనలేదు.

ఈ పట్టిక వెనక ఒక ఊహ ఉంది. ప్రతి హార్మోన్ జబ్బూ ఒక గ్రంథి కాలిపోవడమని, కొత్త తీగ చుట్టిస్తే మోటారు తిరుగుతుందని. చూద్దాం. టైప్ 1 షుగరులో బీటా కణాలు వాటంతటవి చావవు, మన నిరోధక వ్యవస్థే వాటిని చంపుతుంది. కొత్త కణాలు పెట్టినా హంతకుడు ఇంట్లోనే ఉన్నాడు. టైప్ 2లో మొదట కొరత ఇన్సులిన్‌ది కాదు, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోవడం. మన దగ్గర ఎక్కువగా కనిపించే థైరాయిడ్ లోపానికి ముఖ్య కారణం హషిమోటో, అదీ నిరోధక వ్యవస్థ దాడే. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే గ్రేవ్స్ జబ్బులో గ్రంథి చెడిపోలేదు, యాంటీబాడీలు దాన్ని అదేపనిగా తరుముతున్నాయి. పీసీఓడీ అయితే మరీ. అండాశయంలో కణాల లేమి ఎక్కడుంది? ఎదగకుండా నిలిచిపోయిన అండకోశాలు మామూలు కన్నా ఎక్కువ ఉంటాయి. లోటు లేనిచోట ఏం పూడుస్తారు?

ఇది అడిగితే క్లినిక్ వాళ్ళు గేరు మారుస్తారు. "కొత్త కణాలు చేయడం కాదండీ, మా కణాలు ఇమ్యూనిటీని శాంతపరుస్తాయి" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాటేయను. మీసెంకైమల్ కణాలకు నిరోధక వ్యవస్థను చల్లబరిచే గుణం ఉంది. మజ్జ మార్పిడి తర్వాత పిల్లల్లో స్టెరాయిడ్లకు లొంగని ఒక ప్రతిచర్యకు ఆ రకం మందు ఒకదాన్ని 2024 డిసెంబరులో అమెరికా అనుమతించింది. ఎన్నో ఏళ్ళ తిరస్కరణల తర్వాత, ఒక్క జబ్బుకు. ఆ ఒక్క అనుమతి కాగితం చూపించి ఎనిమిది జబ్బుల పట్టిక వేయడం, లారీ లైసెన్సు చూపించి విమానం నడుపుతాననడం.

నిరోధక వ్యవస్థను నిజంగా మార్చాలంటే ఎంత పని ఉంటుందో బ్రెజిల్ చూపించింది. 2007లో జూలియో వోల్తరెల్లి బృందం, టైప్ 1 కొత్తగా బయటపడ్డ 15 మందికి భారీ మోతాదులో కీమో మందులిచ్చి, పాత నిరోధక వ్యవస్థను కూల్చి, వాళ్ళ మూలకణాలతోనే దాన్ని మళ్ళీ లేపింది. 14 మంది కొంతకాలం ఇన్సులిన్ మానేశారు. అంటువ్యాధులు, సంతాన సామర్థ్యం దెబ్బతినడం లాంటి మూల్యాలు కట్టారు. కాలం గడిచేకొద్దీ ఎక్కువమంది మళ్ళీ ఇన్సులిన్‌కే వచ్చారు. అక్కడ పనిచేసింది కీమో, మూలకణాలు కూలిన ఇంటికి కట్టిన పందిరి. ఈ ప్రయోగం కూడా ఫైల్లో ఉంది, 'సొంత మూలకణాలతో ఇన్సులిన్‌కు స్వస్తి' అన్న శీర్షికతో. కీమో మాట లేదు.

బొడ్డుతాడు రక్తం దాచుకున్నవాళ్ళకు ఒక మాట. ప్రసవానికి ముందే ఏజెంటు వచ్చి, రేపు పిల్లకు షుగరొస్తే ఇదే కాపాడుతుందని చెప్పి డబ్బు రాయించుకుపోతున్నాడు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇదే పరీక్షించారు. టైప్ 1 వచ్చిన 24 మంది పిల్లలకు వాళ్ళ సొంత బొడ్డుతాడు రక్తమే ఎక్కించి చూశారు. ఇన్సులిన్ ఊరడం నిలబడలేదు.

థైరాయిడ్ సంగతి, పిట్యూటరీ సంగతి త్వరగా ముగిస్తాను. మూలకణాల నుంచి పిట్యూటరీ కణజాలాన్ని జపాన్‌లో 2011లో, థైరాయిడ్ కణజాలాన్ని బ్రస్సెల్స్‌లో 2012లో తయారు చేశారు. రెండూ అద్భుతాలే. రెండూ ఎలుకల్లో. ఆ ఎలుకలేవీ అడ్వాన్సు కట్టలేదు.

3. సొంత కణమైతే మాత్రం?

మన ఒంటి కణం మనకు హాని చేయదట. క్యాన్సర్ కణం ఎవరిది మరి, పక్కింటివాళ్ళదా?

2015లో ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో ముగ్గురు వృద్ధ మహిళలకు వాళ్ళ పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్ళలోకి ఎక్కించారు. చూపు మెరుగవుతుందని వచ్చినవాళ్ళు చూపే పోగొట్టుకున్నారు. ఒకే రోజు రెండు కళ్ళకూ చేశారు, ఒక కన్ను చూసి రెండో కన్ను ఆపుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. వాళ్ళు మోసపోయిన తీరు మనకు ముఖ్యం. ప్రభుత్వ ప్రయోగాల జాబితాలో ఆ క్లినిక్ పేరుండటంతో ఇది పరిశోధన అని నమ్మారు. పరిశోధనకు ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు ఎందుకు తీసుకుంటున్నారని ఎవరూ అడగలేదు. ఇక దాత కణాల సంగతి చూస్తే, మాస్కోలో పిండ కణాలు మెదడులోకి ఎక్కించుకున్న ఒక ఇజ్రాయెలీ బాలుడికి కొన్నేళ్ళకు గడ్డలు లేచాయి. అవి దాత కణాల నుంచే పుట్టాయని 2009లో తేల్చారు.

'మీ కణమే, మందు కాదు, కాబట్టి మాకు అనుమతి అక్కర్లేదు' అన్నది క్లినిక్‌ల న్యాయవాదన కూడా. అమెరికాలో 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఒంట్లోంచి తీసి, ప్రాసెస్ చేసి, జబ్బుకు మళ్ళీ ఎక్కిస్తే అది మందే అంది.

4. "మావాడికి తగ్గింది"

ప్రతి వాదనకూ ఆఖరి అస్త్రం ఇదే. "మా తోడల్లుడికి ఇన్సులిన్ సగమైంది, కళ్ళారా చూశాను." కళ్ళారా చూసిందాన్ని కాదనను. దేనివల్ల తగ్గిందో కంటికి కనిపించదు.

టైప్ 1 కొత్తగా తేలినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలిన బీటా కణాలు కాస్త ఊపిరి పీల్చుకుని, అవసరం బాగా పడిపోతుంది. కొందరికి దాదాపు సున్నా అవుతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. నెలల్లో ముగుస్తుంది. మా అక్క కూతురికి ఆ దశలో రోజుకు నాలుగు యూనిట్లే సరిపోయేది. మా అమ్మ తిరుపతి మొక్కు ఫలించిందంది. అదే వారం డ్రిప్ పెట్టించి ఉంటే, ఆ పుణ్యం క్లినిక్ ఖాతాలోకి వెళ్ళేది.

టైప్ 2లో లెక్క ఇంకా తేలిక. ప్యాకేజీలోనే ఆహార పట్టిక ఉంది: అన్నం తగ్గించాలి, తీపి మానాలి, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి. 2017లో బ్రిటన్‌లో వచ్చిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, ఆరేళ్ళ లోపు టైప్ 2 ఉన్నవాళ్ళకు మొదట చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకొచ్చింది. ఒక్క మూలకణం ఎక్కించలేదు. మరి తోడల్లుడి షుగరును దించింది డ్రిప్పా, రాత్రి పూట మానేసిన అన్నమా? ఇది తేలాలంటే అదే ఆహారం ఇచ్చి, ఒట్టి సెలైన్ ఎక్కించిన ఇంకో గుంపు ఉండాలి. ఒంట్లో ఇన్సులిన్ నిజంగా ఊరుతోందో లేదో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష ముందూ వెనకా ఉండాలి. ఫైల్లో పదకొండు మంది 'విజయగాథలు' ఉన్నాయి. ఒక్కదానిలోనూ సి-పెప్టైడ్ అంకె లేదు. కండువాలు కప్పుకున్న ఫొటోలున్నాయి.

మూలకణ వైద్యం నిజంగా పనిచేస్తే ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, బంజారాహిల్స్ చాలు. సున్నం చిమ్మి కంటి నల్లగుడ్డు అంచు కాలిపోయినవాళ్ళకు, రెండో కంటి అంచు నుంచి మూలకణాల ముక్క తీసి, పెంచి, అతికించే పని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో రెండు దశాబ్దాలకు పైగా జరుగుతోంది. 2011లో వాళ్ళు 200 కళ్ళ ఫలితాలు అచ్చువేశారు. 71 శాతం విజయం. అంటే 58 కళ్ళలో నిలవలేదని వాళ్ళే లెక్కగట్టి రాశారు. అక్కడ జబ్బు ఒకటే, పోయింది ఫలానా కణమని తెలుసు, పెట్టింది ఆ కణమే, పెట్టింది ఆ చోటే. మన ఫైల్లో ఓటమి ఒక్కటీ లేదు. ఓటమి లేని వైద్యం ప్రకటనల్లో తప్ప ఎక్కడా ఉండదు.

5. కుట్ర ఎవరిది?

మందుల కంపెనీలు దీన్ని తొక్కేస్తున్నాయన్న మాటకు జవాబు మొదటి విభాగంలోనే వచ్చేసింది. 95 కోట్ల డాలర్లు పోసి కొన్నది మందుల కంపెనీయే. పనిచేసే కణం దొరికితే అది ప్రపంచంలోకెల్లా ఖరీదైన మందవుతుంది, ఏ కంపెనీ తొక్కుతుంది? ఇక థైరాయిడ్ మాత్ర రోజుకు రెండు మూడు రూపాయలు. ఆ రెండు రూపాయల కోసం లోకమంతా కుట్ర పన్నిందని నమ్మేవాడు, నాలుగు లక్షలు అడిగేవాడిలో మాత్రం స్వార్థం చూడలేకపోతున్నాడు.

6. పోయేదేముంది?

పోయేది చాలా ఉంది. మొదట ప్రాణం. టైప్ 1 పిల్లకు 'కణాలు పనిచేయాలంటే ఇన్సులిన్ తగ్గిస్తూ రావాలి' అని చెబితే, రోజుల్లోనే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లమవుతుంది. ఇన్సులిన్‌ను 'లోటు పూడ్చే మందు' అని చిన్నచూపు చూసేవాళ్ళు, 1922కు ముందు ఈ పిల్లలను ఆకలితో మాడ్చి కొన్ని నెలలు బతికించేవారని గుర్తుంచుకోవాలి. ఆ మందు కనిపెట్టినవాళ్ళు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు.

తర్వాత డబ్బు. మా అక్క ఇంట్లో ఇన్సులిన్‌కీ స్ట్రిప్పులకీ నెలకు ఐదున్నర వేలవుతుంది. నాలుగు లక్షలంటే ఆరేళ్ళ మందు. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేపమందు వరసలో నిలబడ్డవాళ్ళను చూసి నవ్వే చదువరులు మనలో చాలామంది. అక్కడ మందుకు డబ్బు తీసుకోరు.

మూడోది ఎవరూ చెప్పరు. నిజమైన ప్రయోగాలు రేపు మన దేశానికి వస్తే, అంతకుముందు ఎక్కడో కణచికిత్స చేయించుకున్నవాళ్ళను చాలావాటిలో తీసుకోరు. నకిలీకి కట్టిన డబ్బుతో అసలు తలుపుకు తాళం వేసుకున్నట్టే.

చట్టం ఏమంటోంది? ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తరహా చికిత్స ఒక్కటే ఆమోదం పొందినది. మిగతాదంతా అనుమతి ఉన్న ప్రయోగంలోనే జరగాలి, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, బయట చేస్తే అది అనైతికం, దుర్వైద్యం. 2019 నిబంధనలు మూలకణాల నుంచి చేసినదాన్ని కొత్త మందుగానే లెక్కవేశాయి. ప్రయోగంలో రోగికి హాని జరిగితే వైద్యం, పరిహారం నిర్వాహకుల బాధ్యత. బావ ఫైల్లోని అంగీకార పత్రంలో ఏడో అంశం: 'ఫలితాలకు గాని దుష్ఫలితాలకు గాని క్లినిక్ బాధ్యత వహించదు.' ఒక్క వాక్యంతో అది ప్రయోగం కాదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఇంకా పాత చట్టం ఉంది, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం. నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల జాబితాలో మధుమేహం ఉంది, గాయిటర్ ఉంది, నెలసరి రుగ్మతలున్నాయి. దశాబ్దాలుగా ఉంది. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు రోగులు 10.1 కోట్లు. అంత పెద్ద సంత ముందర ఆ జాబితాను ఎవరు తెరిచి చూస్తారు?

నేను చెప్పిందంతా విని బావ ఊరుకోలేదు. స్పీకర్ పెట్టి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. ప్రయోగం రిజిస్టర్ చేసిన సీటీఆర్ఐ నంబరెంత, సి-పెప్టైడ్ మీరే చేయిస్తారా అని అడిగాడు. అటునుంచి ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "అవన్నీ డాక్టరు గారు చూసుకుంటారు సార్. ఈ వారంలో బుక్ చేసుకుంటే పదిహేను శాతం తగ్గిస్తాం" అంది.

హార్మోన్ జబ్బుకు డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కించే ప్రతి క్లినిక్‌నూ మూయించాలి. 'రోగి ఇష్టం' అన్న మాట ఇక్కడ చెల్లదు, అబద్ధం చెప్పి తీసుకున్న ఇష్టం ఇష్టం కాదు. ఆ పట్టిక కింద సంతకం పెట్టిన డాక్టరు రిజిస్ట్రేషన్ మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ విచారణ జరపాలి, ప్రకటన వేసినవాళ్ళ మీద 1954 చట్టం కింద కేసు పెట్టాలి. పరిశోధన చేస్తామంటే చేయనివ్వాలి, రోగికి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఓటములు కూడా అచ్చువేస్తూ.

ఫైలు నా దగ్గరే ఉంది. కౌన్సిల్‌కు రాసిన ఫిర్యాదుకు పట్టిక ఉన్న పేజీ, ఏడో అంశం ఉన్న పేజీ జతచేశాను. రసీదు జతచేయలేదు. బావ అడ్వాన్సు కట్టలేదు.